బావ మీద గెలుపు

ఆ ఊళ్ళో పన్ను నొప్పెట్టిన ప్రతివాడూ ఎప్పుడో ఒకప్పుడు పళ్ళడాక్టరు ముందు నోరు తెరిచినవాడే. ఎన్నికలు వచ్చినప్పుడు మాత్రం ఆ నోళ్ళన్నీ ఆయన బావగారి పేరే పలికేవి. ఆ బావగారు ఊళ్ళో పేరున్న లాయరు, డాక్టరు భార్యకి స్వయానా అన్నగారు. బయటివాడు గెలిస్తే తలుపు మూసుకుని ఏడవచ్చు. ఇంటివాడు గెలిస్తే ఆ వెసులుబాటు కూడా ఉండదు. ఆదివారం భోజనానికి వాడే వచ్చి ఎదురుగా కూర్చుంటాడు.

వాళ్ళ నియోజకవర్గాన్ని అందరూ నడిబొడ్డు సీటు అనేవారు. ఊరు పెరిగి ఒక్క సభ్యుడి చేతికి అందకుండా పోయినప్పుడు దాన్ని మూడు ముక్కలు చేశారు. రైలుస్టేషను, పాత బజారు, బట్టల మిల్లు, ఆ మిల్లు చుట్టూ కార్మికులు ఉండే పొడుగాటి ఇళ్ళ వరసలు మధ్య ముక్కలో పడ్డాయి. మొదటి రెండు ఎన్నికల్లోనూ మిల్లు యూనియన్ నాయకుడు గెలిచాడు. ఆయన్ని అందరూ పెద్దాయన అనేవారు. ఆయన మీద నిలబడ్డవాళ్ళు డిపాజిట్టు దక్కితే అదే పదివేలు అనుకుని ఇంటికి పోయేవారు.

ఆ పెద్దాయనకి చెరోపక్కా నడిచిన కుర్రాళ్ళు వీళ్ళిద్దరూ. లాయరు మిల్లువాళ్ళ కేసులు వాదించేవాడు. డాక్టరు ఆదివారాలు ఇళ్ళ వరసల్లో ఒక బల్లా, ఒక బకెట్టూ వేసుకుని ఉచితంగా పళ్ళు పీకేవాడు. లాయరు చెల్లెల్ని డాక్టరుకి ఇచ్చి పెళ్ళి చేయించింది కూడా పెద్దాయనే. ఆమె బళ్ళో లెక్కల టీచరు. "నా కుడిచెయ్యీ ఎడమచెయ్యీ వియ్యమందాయి" అని పెద్దాయన ఊరంతా చెప్పుకున్నాడు. కుడిచెయ్యి ఎవరో చెప్పలేదు. డాక్టరు తనే అనుకున్నాడు.

మూడోసారి గెలిచిన ఏడాదికే పెద్దాయన మంచం పట్టాడు. డాక్టరు రోజూ ఆసుపత్రికి వెళ్ళి ఆ మంచం పక్కనే కూర్చునేవాడు. దిండు సర్దేవాడు, పళ్ళరసం తాగించేవాడు. తన తర్వాత ఎవరన్న మాట పెద్దాయన ఎత్తుతాడని, తన పేరే చెబుతాడని ఎదురుచూశాడు. లాయరు రెండుమూడు సార్లు వచ్చి, గదిలో పావుగంట ఉండి, నర్సుల్ని నవ్వించి వెళ్ళిపోయాడు. ఒక సాయంత్రం పార్టీ పెద్దలు ఆ గదిలోంచి బయటికి వచ్చి, ఉప ఎన్నికలో లాయరు నిలబడతాడని చెప్పారు. ఇంకా పెద్దాయన పోకముందే.

డాక్టరు మొహంలో కత్తివాటుకి నెత్తురుచుక్క లేదు. అయినా వెళ్ళి లాయర్ని కౌగిలించుకున్నాడు.

"నువ్వైతేనేం, నేనైతేనేం బావా, అంతా ఒకటే" అన్నాడు.

"అంతే కదా మరి!" అన్నాడు లాయరు. ఆ మాటని నిజంగానే నమ్మాడు. డాక్టరుకి అది ఇంకా మండింది.

లాయరు గెలిచాడు. గెలవడం ఒక ఎత్తు, గెలిచిన తీరు ఒక ఎత్తు. మిల్లు వరసల్లో ఎవరి దవడలో ఏ పన్ను లేదో డాక్టరుకి గుర్తు. లాయరుకి మనుషుల పేర్లే గుర్తుండవు. "ఏమోయ్, ఎలా ఉన్నావ్?" అని భుజం మీద చెయ్యి వేసేవాడు. ఆ చెయ్యి పడ్డవాడు వారం రోజులు ఆ భుజాన్ని చూసుకుని మురిసిపోయేవాడు. సభకి గంట ఆలస్యంగా వస్తే, "పాపం ఎన్ని పనులో" అనేవారు. వేదిక మీద కునుకు తీస్తే, "నిద్ర ఎక్కడిది మహానుభావుడికి" అనేవారు. అదే డాక్టరు ఒక్కసారి ఆవలిస్తే, "ఈయనకి మనమంటే లెక్కలేదు" అనేవారు. అదృష్టవంతుణ్ణి చెరిపేవాడు లేడని డాక్టరు పైకి అనేవాడు. లోపల మాత్రం, ఒక్కసారి, ఒకే ఒక్కసారి చెరిపి చూడాలని ఉండేది.

అలా చూడ్డానికే ఎదుటి పార్టీలో చేరాడు. వాళ్ళు కళ్ళకద్దుకుని తీసుకున్నారు. బావా బావా ఢీ అంటే ఊరికి మంచి కాలక్షేపం. టీ బడ్డీల దగ్గర పందేలు కాసుకున్నారు. డాక్టరు ప్రతి ఇంటి గడపా ఎక్కాడు. చిత్తుగా ఓడిపోయాడు. తను ఉండే వీధి పోలింగు బూతులో కూడా లాయరుకే ఎక్కువ ఓట్లు పడ్డాయి. ఆ ఆదివారం లాయరు ఎప్పటిలాగే చెల్లెలి ఇంటికి భోజనానికి వచ్చి, మారు వడ్డించుకుని తిని, "బావా, నీ ఉపన్యాసాలు బాగున్నాయి. నాకు అంత బాగా రాదు" అని మెచ్చుకుని వెళ్ళాడు.

ఆ తర్వాతి ఎన్నికలో గాలి మారింది. లాయరు పార్టీ అన్నిచోట్లా ఊడ్చుకుపోయింది. చుట్టుపక్కల సీట్లలో అనామకులు కూడా డాక్టరు పార్టీ పేరు మీద గెలిచారు. నడిబొడ్డులో మాత్రం లాయరు గట్టెక్కాడు. ఆధిక్యం తొంభై మూడు ఓట్లు. రెండుసార్లు తిరిగి లెక్కపెట్టించినా తొంభై మూడే.

డాక్టరు ఇంటికి వచ్చి చెప్పులు కూడా విప్పకుండా భార్య ముందు నిలబడ్డాడు. ఆమె బల్ల మీద పిల్లల పరీక్ష కాగితాలు దిద్దుతోంది.

"నీ ఓటు ఎవరికి వేశావు?"

"అది అడగకూడదండీ."

"మొగుణ్ణి, నేను కూడా అడక్కూడదా?"

"ఈ ఇంట్లో నాకంటూ వేరే బీరువా అయినా లేదు. ఆ ఒక్క ఓటన్నా నాది కానివ్వండి."

"అంటే మీ అన్నయ్యకే వేశావన్నమాట."

"అంటే ఏమీ లేదు. చెప్పను, అంతే." ఆమె ఎర్రసిరా పెన్ను పక్కన పెట్టింది. "నలభై ఏడుగురు అటునించి ఇటు తిరిగి ఉంటే మీరు గెలిచేవారు. నేనొక్కదాన్ని తిరిగితే కాదు. వెళ్ళి కాళ్ళు కడుక్కోండి, భోజనం పెడతాను."

ఆ రోజు నుంచి డాక్టరుకి ఇంకో మంట పట్టుకుంది. అన్నాచెల్లెళ్ళు వంటింట్లో నిలబడి నవ్వుకుంటుంటే ముందుగదిలో ఆయన పేపరు తిప్పడం ఆపేసేవాడు. ఆమె "అన్నయ్య" అన్నప్పుడు గొంతులో పలికే మెత్తదనం "ఏమండీ"లో ఉందా లేదా అని కొలుచుకునేవాడు. ఇంతమంది ముందు ఓడిపోయినందుకు సిగ్గుపడలేదు గాని, ఈ కొలత ఎవరికైనా తెలుస్తుందేమోనని సిగ్గుపడేవాడు.

తర్వాత మిల్లు మూతపడింది. ఇళ్ళ వరసలు సగం ఖాళీ అయ్యాయి. సరిహద్దులు మళ్ళీ గీశారు. మిల్లు వరసలు పక్క సీటులోకి పోయి, నది వంతెన అవతలి కొత్త కాలనీలు నడిబొడ్డులోకి వచ్చాయి. కాలనీల్లో ఉండేది ఉద్యోగస్తులు, వాళ్ళకి పెద్దాయన ఎవరో కూడా తెలియదు. ఈసారి డాక్టరుదే గెలుపని ఊరంతా అంది. డాక్టరు కొత్త చొక్కాలు కుట్టించుకున్నాడు. బావని ఓడించే ముహూర్తం వచ్చిందనుకున్నాడు.

అప్పుడు లాయరు పోటీ చెయ్యనన్నాడు. గుండె డాక్టరు మెట్లు ఎక్కవద్దన్నాడట. "ఓట్లు అడగాలంటే మెట్లు ఎక్కాలి కదా" అని నవ్వేసి తప్పుకున్నాడు. ఆయన పార్టీ ఒక కలప వ్యాపారిని నిలబెట్టింది. డాక్టరు భారీ ఆధిక్యంతో గెలిచాడు. మెడ కనపడకుండా దండలు పడ్డాయి. ఆ దండల మధ్యనుంచి ఆయన ఓడిపోయినవాడి మొహం కోసం చూశాడు. కలప వ్యాపారి మొహం కనపడింది. ఆ మొహంతో ఆయనకి ఏం పని?

సభ్యుడయ్యాక సుఖపడ్డాడా అంటే అదీ లేదు. ఆఫీసుకి ఎవరు వచ్చినా, "లాయరుగారు మీ దగ్గరికి వెళ్ళమన్నారండీ" అనే మొదలుపెట్టేవారు. ముందు అక్కడికి వెళ్ళి గోడు చెప్పుకుని, ఓదార్పు అక్కడ పొంది, పనికి మాత్రం ఇక్కడికి వచ్చేవారు. కాలనీలకి నీళ్ళ ట్యాంకు కట్టించింది డాక్టరు. రైలుగేటు మీద వంతెన కోసం రాజధానికి చెప్పులరిగేలా తిరిగి, మంత్రుల గుమ్మాల్లో పడిగాపులు కాసి సాధించింది డాక్టరు. ఆ వంతెన ప్రారంభం రోజున వేదిక మీద ఆయన పేరు చదివితే చప్పట్లు మర్యాదగా మోగి ఆగిపోయాయి. వెనకవరసలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్న లాయరు పేరు చదవగానే జనం లేచి నిలబడ్డారు. "లాయరుగారి హయాంలోనే అనుకున్నారటగా ఈ వంతెన" అని ఒక ముసలమ్మ డాక్టరుతోనే అంది. అవునమ్మా అని నవ్వాడు డాక్టరు.

మళ్ళీ ఎన్నికలు దగ్గరపడ్డాయి. ఒక పొద్దున్నే డాక్టరు ఒంటరిగా బావగారింటికి వెళ్ళాడు. లాయరు వాకిట్లో లుంగీ పైకి కట్టి తన పాత స్కూటరు కడుగుతున్నాడు.

"రా బావా, రా. సభ్యులవారు నడిచి వచ్చారేంటి?"

డాక్టరు కూర్చోలేదు. "బావా, ఒకటి అడుగుతాను. ఇన్నాళ్ళూ అడగలేదు. పెద్దాయన సీటు నీకే ఎందుకు ఇచ్చాడు?"

లాయరు గుడ్డ పిండుతూ ఆలోచించాడు. "ఎందుకేంటి? అడిగాను, ఇచ్చాడు."

"అడిగావా?"

"అడిగాను. 'మీ తర్వాత నేను నిలబడతానండీ' అన్నా. 'డాక్టరు ఏమంటాడు?' అన్నాడు ఆయన. 'ఏమో, నాతో ఏమీ అనలేదు' అన్నా. 'నాతోనూ అనలేదు, వాడికి అక్కర్లేదేమో' అన్నాడు. అంతే. నీకు కావాలని నాకేం తెలుసు బావా? నువ్వే కదా ఆ రోజు వాటేసుకుని, అంతా ఒకటే అన్నావు?"

డాక్టరు వాకిట్లో తడిసిన రాళ్ళకేసి చూశాడు. పెద్దాయన తన కన్నా వీణ్ణి ఎక్కువ ప్రేమించాడనుకుని ఇన్నేళ్ళు ఉడికిపోయాడు. అది నిజమైనా బాగుండేది. ప్రేమా లేదు, పక్షపాతమూ లేదు. ఒకడు నోరు తెరిచాడు, ఒకడు తెరవలేదు. పొద్దస్తమానం అందర్నీ నోరు తెరవమనే పళ్ళడాక్టరు!

"సరే. అయితే ఇప్పుడు నేనూ అడుగుతున్నాను" అన్నాడు. "ఈసారి నా మీద నిలబడు."

"ఏంటి?"

"నువ్వు లేకుండా గెలిచిన గెలుపు నాకు గెలుపు కాదు బావా. మంచినీళ్ళలా చప్పగా ఉంది. నిలబడు. నిన్ను ఓడించాక ఇంకేమీ అడగను."

లాయరు గట్టిగా నవ్వబోయి, ఎదుటివాడి మొహం చూసి ఆగిపోయాడు. చాలాసేపు స్కూటరు అద్దం తుడిచాడు. "మా పార్టీ ఈసారీ ఆ కలపాయనకే ఇచ్చేసింది. ఇండిపెండెంటుగా నిలబడాలి."

"నిలబడు."

"ఇంటల్లుడివి. పెళ్ళయినప్పటి నుంచి నోరు తెరిచి ఒక్కటీ అడగలేదు. మొదటిసారి అడిగావు, కాదంటానా?" అన్నాడు లాయరు. "సరే, కానీ."

తిరిగి వస్తుంటే డాక్టరుకి దారిలో అర్థమైంది. ఈ పోటీ కూడా బావ పెట్టిన భిక్షే.

సంగతి తెలిసి డాక్టరు భార్య వంటింట్లో గిన్నె పడేసింది. ముప్ఫై ఏళ్ళ కాపురంలో ఆమె అలా అరవడం అదే మొదలు.

"అన్నయ్య గుండె సంగతి తెలుసుగా మీకు? తెలిసే వెళ్ళి రెచ్చగొట్టారా? గెలిచిన సీటుని చేజేతులా పందెంలో పెట్టే మనిషిని ఎక్కడా చూడలేదు. ఏం కావాలి మీకు? నేను ఎవరికి ఓటేశానో కావాలా? వినండి. ఇన్నేళ్ళూ మీకే వేశాను. ప్రతిసారీ. ఆ తొంభై మూడప్పుడు కూడా. ఈసారి మీకూ వెయ్యను, ఆయనకీ వెయ్యను. మీ ఇద్దరి కన్నా ఆ నర్సమ్మ నయం."

ఎన్నేళ్ళుగానో కావాలనుకున్న మాట అది. సంతోషించాల్సిన మనిషి డాక్టరు. కాని ఆ మాట అన్నం మెతుకుల్లో రాయిలా తగిలింది. మీకే వేశాను అన్న ముక్క మీద నమ్మకం కుదిరేలోపే, ఇకమీదట వెయ్యను అన్న ముక్క వచ్చి పడింది.

ఆ నర్సమ్మ కాలనీల్లో ఉండే ఆవిడ. పెద్దాసుపత్రి ప్రసూతి వార్డులో పనిచేస్తుంది. డాక్టరు కట్టించిన ట్యాంకులోకి రోజు విడిచి రోజు కూడా నీళ్ళు రాకపోతే, ఆడవాళ్ళని పోగుచేసి ఖాళీ బిందెలతో రోడ్డు మీద కూర్చుంది. ఒక కొత్త చిన్న పార్టీ ఆమెని నిలబెట్టింది. కాలనీల్లో సగం పిల్లలు ఆమె చేతుల్లో పడ్డవాళ్ళే. ఆమె పేరు విని డాక్టరు, "నిలబడనీ" అన్నాడు. ఆయన కళ్ళు అటు లేవు.

లాయరుకి ఎన్నికల గుర్తు దువ్వెన వచ్చింది. ఆయనది నున్నటి బట్టతల. ఊరంతా పడీపడీ నవ్వింది. లాయరు తనే సభల్లో, "నాకు ఎలాగూ పనికిరాదు, మీకే ఇచ్చేస్తాను, తీసుకోండి" అనేవాడు. మెట్లు ఎక్కకూడదు కనక, ఏ వీధి మలుపులోనో కుర్చీ వేసుకుని కూర్చునేవాడు. జనమే మేడలు దిగి ఆయన దగ్గరికి వచ్చేవారు. ఎదురు మేడ మూడో అంతస్తులో తలుపులు తడుతున్న డాక్టరు, వరండా లోంచి కిందికి ఆ గుంపుని చూసేవాడు. ఒక్కొక్క తలనీ లెక్కపెట్టేవాడు. తన ముందు తలుపు తెరిచిన మనిషి, "ఏం కావాలండీ?" అని రెండుసార్లు అడగాల్సి వచ్చేది.

డాక్టరు ఉపన్యాసాల్లో కూడా బావ తప్ప వేరే మాట లేదు. వంతెన తన చెమట అన్నాడు. ట్యాంకు తన చెమట అన్నాడు. "ట్యాంకు సరే, నీళ్ళో?" అని ఎవరో వెనకనించి అరిచారు. అది బావ మనిషే అయి ఉంటాడనుకున్నాడు. కాదు. నర్సమ్మ మనిషి.

లెక్కింపు ఒక కాలేజీ వ్యాయామశాలలో జరిగింది. పొడుగాటి బల్లలు, తాళ్ళ కంచె, పైన గిరగిరా తిరిగే పంకాలు. ఒక్కో రౌండు అయ్యాక నల్లబల్ల మీద అంకెలు రాసేవారు. పార్టీ కుర్రాళ్ళు నర్సమ్మ అంకె చూసి గుసగుసలాడుకుంటున్నారు. డాక్టరు చూపు మాత్రం రెండే గడుల మీద ఉంది, తనదీ, దువ్వెనదీ. పాత బజారు పెట్టెలు తెరిస్తే దువ్వెన ముందుకి పోయింది. రైలు క్వార్టర్లతో డాక్టరు అందుకున్నాడు. కాలనీలతో కాస్త పైకి లేచాడు. చివరి పెట్టె తెరిచినప్పుడు తాడు పట్టుకుని నిలబడ్డాడు.

నర్సమ్మ గెలిచింది. బావాబావల ఓట్లు కలిపితే ఆమె ఓట్లకి రెట్టింపుకి దగ్గరగా ఉన్నాయి. పిట్టపోరు పిట్టపోరు పిల్లి తీర్చిందని ఎవరో పక్కనే అన్నారు. రెండో స్థానం డాక్టరుది. లాయరు మూడు. ఇద్దరి మధ్యా తేడా రెండు వందల చిల్లర.

"నేను ఎక్కువ" అన్నాడు డాక్టరు మెల్లగా.

"ఏంటి సార్?" అన్నాడు ఆయన ఏజెంటు. ఏడుపు మొహంతో ఉన్నాడు.

"బావ కన్నా నేను ఎక్కువ."

డాక్టరు వెళ్ళి నర్సమ్మకి అభినందనలు చెప్పాడు. ఆమె రెండు చేతులూ జోడించి, "మీ సలహాలు కావాలి డాక్టరుగారూ" అంటే, అలాగేనమ్మా అన్నాడు. బయట ఆమె మనుషులు కేరింతలు కొడుతుంటే వాళ్ళ మధ్యలోంచి నిదానంగా నడిచి వచ్చాడు. దారిలో ఎదురైనవాళ్ళు జాలిగా తలలు వంచుకున్నారు. ఆయన పెదాల మీద చిన్న నవ్వు ఉంది. అది ఎంత ఆపుకున్నా ఆగలేదు.

భార్య తలుపు తీసి ఆ నవ్వు చూసింది. "ఓడిపోయారటగా?"

"మీ అన్నయ్య నా వెనక ఉన్నాడు."

ఆమె ఆయన్ని ఎగాదిగా చూసింది. కోపం రాలేదు. ఒళ్ళు తెలియని జ్వరంలో ఉన్నవాణ్ణి చూసినట్టు చూసింది. "భోజనం చెయ్యండి" అంది.

ఆయన ఆకలితో తిన్నాడు. ఇరవై ఏళ్ళలో అన్నం ఇంత రుచిగా ఎప్పుడూ లేదనుకున్నాడు. చెయ్యి కడుక్కోకముందే ఫోను మోగింది. భార్య తీసి, "అన్నయ్య" అని చేతికి ఇచ్చింది.

"బావా! ఓడించేశావు కదయ్యా నన్ను!" అన్నాడు లాయరు.

"ఇద్దరం ఓడిపోయాం బావా" అన్నాడు డాక్టరు, మర్యాదకి.

"అది వేరే సంగతి. నన్నైతే ఓడించావు. ముందే అనుకున్నా. కాలనీల్లో తిరిగావు చూడు, ఒక్కో మెట్టూ ఎక్కి, అది మామూలు కష్టం కాదు. కింద కూర్చుని చూస్తూనే ఉన్నా. ఈ వయసులో ఏం ఓపికరా నాయనా అనుకున్నా. బాగా ఓడించావు బావా. నాకు చాలా సంతోషంగా ఉంది. ఇప్పుడు నీ మనసు కుదుటపడిందా లేదా?"

డాక్టరు ఆ గొంతులో వెతుకుతున్నాడు. ఒక్కొక్క మాటనీ తట్టి చూస్తున్నాడు. ఎక్కడన్నా చిన్న నొప్పి, కాస్త అక్కసు, వీడు నన్ను దాటిపోయాడే అన్న పిసరంత దుగ్ధ. ఉంటే చాలు, అదే తన గెలుపు. ఎక్కడా లేదు. ఆ గొంతు ఎప్పటిలాగే ఉంది, స్కూటరు కడుక్కుంటున్నవాడి గొంతులా.

"బావా, ఉన్నావా?"

"ఉన్నాను."

"చెల్లాయితో చెప్పు, ఆదివారం భోజనానికి వస్తున్నా. ఇన్నాళ్ళూ ఎన్నికలని రాలేదు. నోరు చచ్చిపోయింది."

డాక్టరు ఫోను పెట్టేశాడు. చేతికి అన్నం ఎండి అంటుకుపోయింది. భార్య గుమ్మంలో నిలబడి చూస్తోంది.

"ఏమన్నాడు అన్నయ్య?"

"సంతోషంగా ఉందట" అన్నాడు డాక్టరు. నవ్వుదామని చూశాడు, రాలేదు. లేచి కుళాయి దగ్గరికి వెళ్ళాడు.